మీట నుంచి పుట దాకా

బ్లాగు టపాను రాసి ప్రచురించడానికి వాడే సాఫ్ట్‌వేర్ నాలుగు పనులు చేస్తుంది. మాటలను టైపు చేయనిస్తుంది. వాటిని చెడిపోకుండా దాస్తుంది. పుటగా అమరుస్తుంది. ఆ పుటకు ఒక చిరునామా ఇచ్చి చదివేవారి దాకా చేరుస్తుంది. ఇంగ్లీషులో మొదటి పనికి కొత్త సాధనం అక్కర్లేకపోయింది. టైపు మిషను కాలం నాటి మీటలే సరిపోయాయి. అందుకే అక్కడ ఈ సాధనాల చరిత్ర పుటలతో, చిరునామాలతో మొదలవుతుంది. తెలుగులో వరస వేరు. ప్రచురించే బొత్తాం 1999లోనే తయారైంది. ఆ బొత్తాం నొక్కేముందు పెట్టెలో నింపాల్సిన తెలుగు అక్షరం మామూలు ఇంటి కంప్యూటరులో కుదురుకోవడానికి మరో ఏడెనిమిదేళ్లు పట్టింది.

ఈ ప్రయాణమంతా ఒక్క మాటతో చూడవచ్చు. కర్నూలు జిల్లా పడమటి కొసన, మంత్రాలయం మండలంలో మాధవరం అనే ఊరుంది. ఎమ్మిగనూరు నుంచి రాయచూరు వెళ్లే దారి ఆ ఊరి దగ్గరే తుంగభద్రను దాటుతుంది. ఆవలి ఒడ్డు కర్ణాటక. ఇటు ఆదోని, ఎమ్మిగనూరు బజార్లలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. ఆ ఊరి గురించి ఎవరైనా ఒక టపా రాయాలనుకుంటే, 'మాధవరం' అనే మాట కంప్యూటరులో ఎలా నిలబడుతుంది, ఎక్కడెక్కడ జారిపోతుంది అన్నదాంట్లోనే సాధనాల పనితనం బయటపడుతుంది.

అక్షరానికి ఒక అంకె

కంప్యూటరు అక్షరాన్ని అక్షరంగా దాచుకోలేదు, అంకెగా దాచుకుంటుంది. ఏ అక్షరానికి ఏ అంకె అన్నది అందరూ ఒప్పుకుంటేనే ఒకచోట రాసింది మరోచోట చదవడం వీలవుతుంది. ఆ ఒప్పందం పేరు యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగు ఉంది. 3072 నుంచి 3199 దాకా 128 గడులు తెలుగువి. భారతదేశంలో అంతకుముందే తయారైన ఇస్కీ ప్రమాణపు 1988 కూర్పును ఆధారం చేసుకుని ఈ గడులను అమర్చారు.

మాధవరం అని రాస్తే కంప్యూటరు దాచుకునేది ఈ వరస: మ 3118, దీర్ఘం 3134, ధ 3111, వ 3125, ర 3120, సున్న 3074. కంటికి కనిపించేవి నాలుగక్షరాలు, లోపల ఉన్నవి ఆరు గడులు. నెట్ మీద ఎక్కువగా వాడే యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గడికి మూడు బైట్లు కావాలి కాబట్టి, ఊరి పేరు మొత్తం 18 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలు.

తెలుగు గడులు ముగిసిన చోటే, 3200 నుంచి, కన్నడ గడులు మొదలవుతాయి. రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు, వాటి గడులనూ ఇస్కీని అనుసరించి ఒకే క్రమంలో పేర్చారు. దాంతో ఒక అందమైన సంగతి జరిగింది. మాధవరంలోని ఆరు అంకెలకూ 128 చొప్పున కలిపితే 3246, 3262, 3239, 3253, 3248, 3202 వస్తాయి. అది కన్నడ లిపిలో అదే ఊరి పేరు. భాష మారదు, లిపి మారుతుంది. తెలుగు మాట్లాడగలిగీ కన్నడ బడిలో చదువుకున్నవారు, కన్నడం ఇంటిభాషైనా తెలుగు బడికి వెళ్లినవారు తుంగభద్రకు రెండు వైపులా ఉన్నారు. ఒకరు రాసిన టపాను మరొకరు తమ లిపిలో చదువుకునేలా చేసే లిపి మార్పిడి సాధనాలకు పునాది ఈ కూడిక లెక్కే. అక్షరముఖ వంటివి ఈ పనిని భారతీయ లిపుల మధ్య, వాటి చుట్టాలైన ఆసియా లిపుల మధ్య చేసిపెడుతున్నాయి. కన్నడ వరసలో జత లేని అక్షరాలు తెలుగులో కొన్ని ఉన్నాయి కాబట్టి, వాటికి మాత్రం విడిగా సూత్రం రాసుకోవాలి.

అంకెలు వరసగా ఉన్నంత మాత్రాన అక్షరం తెరమీద కనిపించదు. కర్నూలు అనే మాట చూడాలి. లోపలి వరస: క, ర, పొల్లు, న, ఊకారం, ల, ఉకారం. తెరమీద మాత్రం న వత్తుగా మారి కిందికి దిగుతుంది, దాని వెనక ఉన్న ఊకారం వచ్చి రకారానికి తగులుకుంటుంది. విన్న వరస ఒకటి, కన్న వరస ఒకటి. ఈ రెంటినీ కలిపే పని ఫాంటూ, దానికి తోడుగా ఉండే అక్షర కూర్పు యంత్రాంగమూ చేస్తాయి. విండోస్‌లో చాలాకాలం యూనిస్క్రైబ్ ఆ పని చేసింది. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, క్రోమ్‌లలో హార్ఫ్‌బజ్ చేస్తుంది.

ఈ యంత్రాంగం అందరికీ అందకముందు డిటిపి కేంద్రాలు మరో దారి పట్టాయి. పాత పద్ధతి ఫాంటులో ఉన్నవి 256 గడులే. తెలుగు గుణింతాలకూ వత్తులకూ అవి ఏ మూలకూ చాలవు. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు: తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తులు కొన్ని ముక్కలు. ఇంగ్లీషు అక్షరాల గడుల్లో ఈ ముక్కలను కూర్చోబెట్టి, కంటికి కనిపించే వరసలో పేర్చారు. అను ఫాంట్లతో పెళ్లిపత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు లెక్కలేనన్ని అచ్చయ్యాయి. కాగితం మీద అది చక్కటి తెలుగు. అదే దస్త్రాన్ని ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు గుర్తుల గుంపు. ఆ రోజుల్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు కూడా ఎవరి ఫాంటు వారు వాడేవి. ఒక పత్రిక ముక్కల వరస మరో పత్రిక ముక్కల వరసతో కలిసేది కాదు. వెతికే యంత్రాలకు అందులో తెలుగు అనేదే కనిపించేది కాదు.

ఈ గోడను కూల్చిన సాధనాల్లో ముందు చెప్పుకోవాల్సింది పద్మ. వెన్న నాగార్జున రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్ మొజిల్లా బ్రౌజరుకు తోడుగా పనిచేస్తూ, రకరకాల పాత ఫాంట్లలో ఉన్న పుటలను అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపేది. ముక్కలను మళ్లీ అక్షరాలుగా అతికే ఆ పట్టికలు ఎంతో ఓపిక కోరే పని. ఏ పత్రికకు ఆ పత్రిక ఫాంటును విప్పి చూసి, ఏ గడిలో ఏ ముక్క ఉందో రాసుకోవాలి. ఆ శ్రమ తర్వాత వచ్చిన సాధనాలకూ మదుపు అయింది.

విండోస్ ఎక్స్‌పి 2001లో గౌతమి అనే తెలుగు ఫాంటుతో వచ్చింది. అయితే భారతీయ లిపులకు కావలసిన దస్త్రాలను అమరికల్లోకి వెళ్లి విడిగా ఎక్కించుకోవలసి ఉండేది. ఆ సంగతి తెలియని కంప్యూటర్లలో తెలుగు టపా డబ్బాల వరసగా కనిపించేది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు తయారుచేసి ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లు ఆ రోజుల్లో చాలామందికి ఆసరా. 2007లో విండోస్ విస్టా వచ్చాక ఆ అదనపు అమరిక అవసరం తీరిపోయింది.

మీటల మీద తెలుగు

కీబోర్డు మీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు. వాటితో తెలుగు రాయించడానికి మొదట రెండు తోవలు ఏర్పడ్డాయి.

మొదటిది ఇన్‌స్క్రిప్ట్. 1980లలో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ విభాగం చేయించిన అమరిక ఇది. అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమచేతి కింద, హల్లులు ఎక్కువగా కుడిచేతి కింద ఉంటాయి. అల్పప్రాణం మామూలుగా, దాని మహాప్రాణం షిఫ్ట్‌తో. మాధవరం రాయడానికి ఆరు మీటలు చాలు, ధకారానికి మాత్రం షిఫ్ట్ తోడు కావాలి. ఇంకో గొప్ప గుణం ఏమంటే, అన్ని భారతీయ లిపులకూ అదే అమరిక. తెలుగు మీటలు చేతికి వచ్చినవారు కన్నడానికి మారినా వేళ్లు తడబడవు. సరిహద్దు ఊళ్లలో రెండు భాషల్లో రాసేవారికి ఇంతకంటే మంచి అమరిక లేదు. అయినా ఇది జనంలోకి రావలసినంత రాలేదు. మీటల మీద తెలుగు అక్షరాలు అచ్చువేసిన కీబోర్డులు బజారులో దొరక్కపోవడం, కొన్ని వారాలు కూర్చుని నేర్చుకోవలసి రావడం అందుకు కారణాలు.

రెండోది ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు ఉచ్చారణను రాసే తోవ. అమెరికాలోని తెలుగు విద్యార్థులు 1990ల మొదట్లో, తెలుగు ఫాంట్లు లేని ఈమెయిళ్లలో, వార్తాసమూహాల్లో మాట్లాడుకోవడానికి దీన్ని వాడారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం పేరుతో ఆర్‌టిఎస్ అన్న పద్ధతి స్థిరపడింది. ఎవరికి తోచినట్టు వారు రాసే ఇంగ్లీషు తెలుగుకూ దీనికీ తేడా ఉంది. ఇందులో ఒక్కో తెలుగు గుర్తుకు ఒక్కో నియమం. చిన్న 'డి' కొడితే దకారం, పెద్ద 'డి' కొడితే డకారం, పక్కన 'హెచ్' చేరిస్తే వాటి ఒత్తు రూపాలు. చిన్న 'ఎమ్' మకారం, పెద్ద 'ఎమ్' సున్న. ఈ లెక్కన మాధవరానికి పదకొండు మీటలు కావాలి. ఇన్‌స్క్రిప్ట్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపు శ్రమ. కానీ నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు.

2006లో వీవెన్ ఈ పద్ధతిని ఒక వెబ్ పుటగా మలిచి దానికి లేఖిని అని పేరు పెట్టారు. పద్మలోని మార్పిడి సూత్రాలే దానికి ఆధారం. పుటలో రెండు పెట్టెలు. ఒకదాంట్లో ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే రెండోదాంట్లో తెలుగు ఏర్పడుతూ ఉంటుంది. అక్కడి నుంచి నకలు తీసి బ్లాగులోనో ఈమెయిల్లోనో అతికించుకోవడమే. కంప్యూటరులో ఏమీ ఎక్కించనక్కర్లేదు. ఈ చివరి మాటే కీలకం. ఆదోని వంటి పట్టణాల్లో అప్పట్లో నెట్ అంటే గంటకింతని డబ్బిచ్చి వాడుకునే నెట్ సెంటరు. అక్కడి కంప్యూటరులో సాఫ్ట్‌వేర్ ఎక్కించే హక్కు వచ్చినవారికి ఉండదు. పుట తెరిస్తే చాలు అన్న సాధనం ఆ అడ్డును తీసేసింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా కూడా తన రాత పెట్టెలోనే ఇలాంటి టైపు సౌకర్యం పెట్టుకుంది. 2006 తర్వాతి రెండు మూడేళ్లలో తెలుగు బ్లాగులు గుంపుగా పుట్టుకురావడానికి ఇవి తలుపులు తీశాయి.

గూగుల్ 2007లో తన బ్లాగు సేవ అయిన బ్లాగర్‌లో హిందీకి మొదలుపెట్టి తర్వాత తెలుగుకు కూడా తెచ్చిన టైపు సౌకర్యం మూడో రకం. ఇందులో నియమం లేదు, ఊహ ఉంది. వాడేవారు తమకు తోచిన ఇంగ్లీషు స్పెల్లింగు కొడితే, అంతకుముందు చదివిన తెలుగు పాఠాల ఆధారంగా ఇదై ఉండాలని యంత్రం ఒక మాటను ముందుకు తెస్తుంది. అలవాటైన మాటలకు ఇది ఎంతో హాయి. అరుదైన మాటల దగ్గర చిక్కు వస్తుంది. మరమరాలను తడిపి, పోపు పెట్టి చేసే ఉగ్గాని పడమటి కర్నూలు పొద్దుటి టిఫిను. ఆ మాటను అంతవరకు చూడని యంత్రం దాన్ని తనకు తెలిసిన మరో మాటగా దిద్దాలని చూస్తుంది. సజ్జలను సద్దలు అని రాస్తే, అది యాస అని దానికి తెలియదు, తప్పు అనుకుంటుంది. లేఖిని, ఇన్‌స్క్రిప్ట్‌లకు ఆ బెడద లేదు. కొట్టింది కొట్టినట్టే రాస్తాయి. ప్రాంతపు మాటలతో రాసేవారు ఈ తేడాను గుర్తుపెట్టుకోవడం మంచిది. సూచించిన మాటను అలవాటుగా ఒప్పుకుంటూ పోతే, రాసినవారికి తెలియకుండానే టపాలోంచి ఊరు వెళ్లిపోతుంది.

2017 ఆగస్టులో గూగుల్ నోటితో చెప్పి రాయించే సౌకర్యాన్ని తెలుగుతో సహా మరికొన్ని భారతీయ భాషలకు ఇచ్చింది. వేళ్లు సాయం చేయని పెద్దవారికీ చూపు తక్కువైనవారికీ ఇది పెద్ద మేలు. యాస విషయంలో మాత్రం పైన చెప్పిన చిక్కే దీనికీ ఉంది. వాక్యం ముగిసిందని చెప్పే చుక్కలూ, పేరాల విరుపూ మళ్లీ కూర్చుని సరిచూసుకోవలసిందే.

బొత్తాం వెనక

పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ 1999 ఆగస్టులో బ్లాగర్‌ను విడుదల చేసింది. అంతకుముందు సొంత పుట కావాలంటే హెచ్‌టిఎమ్‌ఎల్ రాయడం, దాన్ని సర్వరుకు పంపడం, కొత్తది వచ్చినప్పుడల్లా పాతదాన్ని కిందికి జరపడం, అన్నీ చేత్తోనే. బ్లాగర్ వీటన్నిటినీ ఒక పెట్టె, ఒక బొత్తాంగా కుదించింది. 2003 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని కొన్నది. అదే ఏడాది మే 27న మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ కలిసి, ఆగిపోయిన మరో సాఫ్ట్‌వేర్ కోడ్ మీద వర్డ్‌ప్రెస్‌ను నిలబెట్టారు. ఇది ఎవరైనా తీసుకుని, మార్చుకుని, సొంత సర్వరులో పెట్టుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. అందువల్లే దాని మెనూలను, సందేశాలను తెలుగు వలంటీర్లు తెలుగులోకి తేగలిగారు.

పెట్టెలో రాసింది ప్రచురించేలోగా పోకుండా కాపాడటం సాధనం చేసే పనుల్లో అతి విలువైనది. కరెంటు పోయి గంట శ్రమ ఆవిరైనవారికి ఆ బాధ వేరే చెప్పనక్కర్లేదు. వర్డ్‌ప్రెస్ మామూలు అమరికలో 60 సెకన్లకు ఒకసారి చిత్తుప్రతిని తనంతట తాను దాచుకుంటుంది. మార్చినప్పుడల్లా పాత కూర్పును కూడా పక్కన ఉంచుతుంది కాబట్టి, నిన్న తీసేసిన పేరాను ఇవాళ వెనక్కి తెచ్చుకోవచ్చు. రాసి పెట్టి, ఫలానా రోజున ఫలానా వేళకు ప్రచురించమని చెప్పే వీలూ ఉంది.

నెట్ నిలకడగా లేని చోట్ల మరో రకం సాధనం అక్కరకొచ్చింది: నెట్ లేకుండా కంప్యూటరులోనే రాసి, నెట్ వచ్చాక ఒక్కసారిగా పంపేది. 2006లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన లైవ్ రైటర్ వీటిలో బాగా పేరున్నది. పుట చివరికి ఎలా కనిపిస్తుందో, బ్లాగు రంగులతో సహా, రాస్తున్నప్పుడే చూపేది. టపా శీర్షిక, పాఠం, వర్గాలు వంటి వాటిని ఒక చిన్న పొట్లంగా కట్టి బ్లాగు సర్వరుకు అందించడానికి 2002లో డేవ్ వైనర్ రూపొందించిన మెటావెబ్లాగ్ ఏపీఐ అనే ఒప్పందం ఉంది. ఆ ఒప్పందాన్ని పాటించే ఏ రాత సాధనమైనా, దాన్ని ఒప్పుకునే ఏ బ్లాగుకైనా టపా పంపగలదు. మైక్రోసాఫ్ట్ లైవ్ రైటర్ మీద పని ఆపేశాక, 2015 డిసెంబరులో దాని కోడ్‌ను ఓపెన్ లైవ్ రైటర్ పేరుతో బయటికి ఇచ్చారు.

రాత పెట్టెలో బొద్దు, లంకె, ఉపశీర్షిక వంటి గుర్తులు ఎలా పెట్టాలన్నదానికి కూడా తరాలు మారాయి. 2004లో జాన్ గ్రూబర్ ప్రకటించిన మార్క్‌డౌన్‌లో మామూలు గుర్తులే సరిపోతాయి. మాటకు రెండు వైపులా రెండేసి నక్షత్రాలు పెడితే అది బొద్దు అక్షరం అవుతుంది. 2018 డిసెంబరులో వర్డ్‌ప్రెస్ 5.0తో వచ్చిన గూటెన్‌బర్గ్ ఎడిటర్‌లో పేరా, బొమ్మ, పట్టిక ఒక్కొక్కటీ ఒక్కో దిమ్మె. వాటిని పైకీ కిందికీ జరుపుకోవచ్చు. రెండిటిలో తెలుగుకు మార్క్‌డౌన్ ఎక్కువ అనుకూలం. దాని దస్త్రంలో ఉండేది అచ్చంగా పాఠమే కనుక, ఏళ్ల తర్వాత ఏ సాధనంతోనైనా తెరుచుకుంటుంది. చిక్కల్లా నక్షత్రం గుర్తుకోసం తెలుగు కీబోర్డు నుంచి ఇంగ్లీషుకు మారి రావలసి ఉండటం.

దాచే చోట జరిగే ప్రమాదం ఒకటుంది. సర్వరులోని డేటాబేసు యూనికోడ్‌కు అమర్చి లేకపోతే, మాధవరం అని పంపిన మాట లోపలికి ఆరు ప్రశ్నార్థకాలుగా చేరుతుంది. ఒక్కో గడికి ఒక్కో ప్రశ్నార్థకం. అలా పోయిన పాఠం తిరిగి రాదు, ఎందుకంటే అసలు అంకెలే మిగలలేదు. దానికి బదులు 18 వింత ఐరోపా గుర్తులు కనిపిస్తే దిగులుపడనక్కర్లేదు. అంకెలు భద్రంగా ఉన్నాయి, చదివే పద్ధతి మాత్రమే తప్పింది. సరైన పద్ధతి చెబితే ఊరి పేరు మళ్లీ ప్రత్యక్షమవుతుంది. పాత బ్లాగును ఒక సర్వరు నుంచి మరోదానికి మార్చేటప్పుడు ఈ తేడా తెలిసి ఉండటం ఎన్నో ఏళ్ల రాతను కాపాడుతుంది.

పుట, చిరునామా

బ్లాగు అలంకరణలు ఎక్కువగా ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని తయారైనవి. ఇంగ్లీషు గీతకు పైన కొంచెం, కింద కొంచెం చోటు చాలు. తెలుగుకు పైన గుడి, కింద వత్తు, వత్తు కింద మరో వత్తు. వరసల మధ్య ఎడం పెంచకపోతే పై వరస వత్తులు కింది వరస గుడులకు తగులుతాయి. అక్షరం ఎత్తులో 1.6 రెట్లకు తగ్గకుండా ఎడం పెట్టుకుంటే కంటికి హాయి. వాలు అక్షరాలకు తెలుగు అచ్చులో గట్టి సంప్రదాయం లేదు. ఆ బొత్తాం నొక్కితే చాలాసార్లు యంత్రం అక్షరాన్ని పక్కకు లాగి వికారం చేస్తుంది. నొక్కిచెప్పాలంటే బొద్దు అక్షరం మేలు. వెబ్‌కు పనికొచ్చే ఉచిత తెలుగు ఫాంట్లకు ఇప్పుడు కొరత లేదు. సురవరం, మండలి, గిడుగు, గురజాడ వంటివి గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. చదివేవారి ఫోనులో ఆ ఫాంటు లేకపోయినా పుటతో పాటే వెళ్లి చేరుతుంది.

చిరునామా దగ్గర తెలుగు ఇంకా ఇబ్బంది పడుతూనే ఉంది. శీర్షికను బట్టి టపాకు చిరునామా తయారుచేసే బ్లాగర్, ఇంగ్లీషు కాని అక్షరాలను వదిలేసేది. శీర్షిక అంతా తెలుగైతే మిగిలేది ఏమీ లేక 'బ్లాగ్-పోస్ట్' అన్న పేరే పెట్టేది, తర్వాతి వాటికి పక్కన ఏదో ఒక అంకె చేర్చేది. వందలాది తెలుగు టపాలు ఈ పేరులేని పేర్లతోనే ఉన్నాయి. ప్రచురించే ముందు చిరునామాను ఇంగ్లీషు అక్షరాల్లో చేత్తో రాసుకుంటే ఈ చిక్కు తప్పుతుంది.

వర్డ్‌ప్రెస్ తెలుగు చిరునామాను ఒప్పుకుంటుంది, కానీ లోపల దాన్ని శాతం గుర్తులతో విడగొట్టి దాస్తుంది. ఒక్కో గడికి తొమ్మిది గుర్తులు. మాధవరం ఒక్కటే 54 గుర్తులవుతుంది. మొత్తం 200 గుర్తులకు మించి వర్డ్‌ప్రెస్ దాచదు. 'మాధవరం నుంచి ఎమ్మిగనూరు దాకా' అనే చిన్న శీర్షికకే 228 కావాలి. కాబట్టి చిరునామాలో చివరి మాట రాలిపోయి ఎమ్మిగనూరుతో ఆగిపోతుంది. అలాంటి లంకెను ఈమెయిల్లో అతికిస్తే శాతం గుర్తుల పొడుగాటి తోక కనిపించడానికి కారణం కూడా ఇదే.

ప్రచురించినట్టు చదువరులకు తెలియజేసే పని ఆర్ఎస్ఎస్ ఫీడు చూస్తుంది. టపా పడగానే బ్లాగు సాఫ్ట్‌వేర్ తనంతట తాను శీర్షిక, లంకె, తేదీ, పాఠం ఉన్న ఒక చిన్న దస్త్రాన్ని తాజా చేస్తుంది. వీవెన్ నడిపిన కూడలి, దాని తర్వాత జల్లెడ, హారం, మాలిక వంటివి తెలుగు బ్లాగుల ఫీడులన్నిటినీ పోగుచేసి ఒక్క పుటలో చూపాయి. ఎక్కడో ఒక చిన్న పట్టణంలో, పేరెవరికీ తెలియని మనిషి రాసిన మొదటి టపా కూడా పాతవారి టపాల పక్కనే, సమయం ప్రకారం వరసలో నిలిచేది. కొత్తవారికి మొదటి రోజే చదువరులు దొరికారు. రచనా సాధనాల గురించి చెప్పేటప్పుడు వీటిని తరచు వదిలేస్తారు గాని, తెలుగు బ్లాగుల తొలినాళ్ల ఉత్సాహానికి లేఖిని ఎంత కారణమో కూడళ్లూ అంతే కారణం.

వెతికితే దొరకాలి

తెలుగులో మాట విభక్తితో అతుక్కుపోతుంది, అతుక్కున్నప్పుడు రూపం మారుతుంది. మాధవరంలో అన్న మాటలో ఊరి పేరు చెక్కుచెదరకుండా ఉంది. మాధవరానికి, మాధవరాన్ని, మాధవరపు అన్నప్పుడు సున్న పోయింది. అంకెలను అంకెలతో పోల్చి వెతికే సాదా యంత్రానికి 'మాధవరం' అని ఇస్తే ఈ మూడూ దొరకవు. 'మాధవర' దాకానే ఇస్తే అన్నీ దొరుకుతాయి. తెలుగు వ్యాకరణం తెలిసిన వెతుకు సాధనాలు అన్నిచోట్లా లేవు కాబట్టి, టపాకు గుర్తుపట్టీలు, అంటే ట్యాగులు, తగిలించడం అవసరం. ట్యాగులో ఊరి పేరును మూల రూపంలో రాయాలి. మాధవరం పేరుతో ఊళ్లు చాలా ఉన్నాయి: చేనేత చీరలకు పేరుపొందినది కడప జిల్లాలో ఉంది, చెన్నై నగరంలోనూ ఒకటుంది. మండలం పేరు కూడా చేర్చకపోతే చదువరి తప్పు ఊరికి వెళ్తాడు. ఎమ్మిగనూరును యెమ్మిగనూరు అని, ఆదోనిని పాతకాలం మాటల్లో ఆదవాని అని రాసేవారున్నారు. వాటికీ ఒక్కో పట్టీ తగిలిస్తే ఏ రూపంతో వెతికినా టపా దొరుకుతుంది.

కంటికి కనిపించని తప్పులు ఇంకా చిక్కు. సున్న గుర్తు 3074వ గడి. తెలుగు అంకెల్లోని సున్న 3174వ గడి. సరిగ్గా నూరు గడుల దూరం, చాలా ఫాంట్లలో రూపం మాత్రం దాదాపు ఒకటే. పొరపాటున అంకె సున్న పడితే మాధవరం చక్కగానే కనిపిస్తుంది, ఎవరు వెతికినా దొరకదు. సాఫ్ట్‌వేర్ వంటి మాటల్లో టకారం పొల్లుగానే నిలవాలంటే, వకారం దానికి వత్తుగా దిగకుండా మధ్యలో 8204వ గడిలోని కనిపించని విడదీత గుర్తును పెట్టాలి. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. యంత్రానికి అవి రెండు వేర్వేరు మాటలు. ఈ కనిపించని గుర్తు ఒకసారి ప్రపంచమంతా వార్త అయింది. 2018 ఫిబ్రవరిలో, జ్ఞ తర్వాత ఆ విడదీత గుర్తు, దాని వెంట దీర్ఘం ఉన్న ఒక్క తెలుగు అక్షరం సందేశంలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది.

టపాలో పెట్టే బొమ్మలకు కూడా వెతుకులాటతో సంబంధం ఉంది. డిటిపిలో కూర్చిన కవితనో కరపత్రాన్నో ఫోటోగా పెడితే మనిషి చదవగలడు, యంత్రం చదవలేదు. చూపులేనివారికి పుటను చదివి వినిపించే సాధనం కూడా అక్కడ మౌనంగా దాటిపోతుంది. బొమ్మ వివరణ పెట్టెలో అందులోని మాటలను తెలుగులో రాయడం ఒక్క నిమిషం పని. ఫోటోల బరువు తగ్గించే పని ఇప్పుడు సాఫ్ట్‌వేరే చేస్తోంది. 2019 నవంబరులో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.3 నుంచి, పెద్ద ఫోటోలను 2560 పిక్సెళ్లకు కుదించి చూపుతుంది.

సొంత ప్రతి

ఉచితంగా చోటిచ్చిన సేవలు మూతపడుతుంటాయి. జియోసిటీస్ 2009లో, పోస్టరస్ 2013లో మూతపడ్డాయి. మైక్రోసాఫ్ట్ తన స్పేసెస్‌లోని బ్లాగులను 2010, 2011లలో వర్డ్‌ప్రెస్.కామ్‌కు తరలించమని కోరింది. తీసుకుని వెళ్లే వీలున్నవారి రాతలు బతికాయి. బ్లాగర్, వర్డ్‌ప్రెస్ రెండూ మొత్తం బ్లాగును ఒక ఎక్స్ఎమ్ఎల్ దస్త్రంగా దించుకోనిస్తాయి. అందులో టపాలు, తేదీలు, పట్టీలు అన్నీ పాఠంగానే ఉంటాయి. ఫోటోలు మాత్రం వాటి లంకెలుగానే ఉండవచ్చు కాబట్టి విడిగా దాచుకోవాలి. ఒక సాధనం నుంచి మరోదానికి మారేటప్పుడు లోపలికి తీసుకునేదీ ఈ దస్త్రాన్నే.

అను ఫాంట్లలో కూర్చిన పాత రాతలు ఉన్నవారు వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. అందుకు మార్పిడి సాధనాలున్నాయి. వత్తుల దగ్గర, అరుదైన సంయుక్తాక్షరాల దగ్గర అవి పొరబడతాయి, కనుక మార్చిన ప్రతిని అసలు కాగితంతో ఒకసారి పోల్చి చదవాలి. దించుకున్న దస్త్రం సరిగా ఉందో లేదో చూసే తేలికైన పద్ధతి, దాన్ని నోట్‌ప్యాడ్ వంటి సాదా పాఠం సాధనంలో తెరిచి, వెతుకు పెట్టెలో 'మాధవర' అని కొట్టడం. ఊరి పేరు వచ్చిన ప్రతిచోటా ఆగితే, ఆ ప్రతి ఏ కంప్యూటరుకైనా అందుతుంది.